బటన్ బ్రోకర్‌ది, ఎంపిక లెండర్‌ది: అమెరికాలో ఇంటి అప్రైజల్ నడిచే తీరు

క్లుప్తంగా: అమెరికాలో ఇంటి లోన్ ఇప్పించే బ్రోకర్ అప్రైజల్, అంటే ఇంటి విలువ కట్టించే పని, ఆర్డర్ పెట్టవచ్చు. కానీ లెండర్, అంటే లోన్ ఇచ్చే సంస్థ, చూపించిన దారిలోనే పెట్టాలి. విలువ కట్టే అప్రైజర్ ఎవరు రావాలో తాను తేల్చకూడదు, ఎంత విలువ రావాలో చెప్పకూడదు, అప్రైజర్‌కు తన చేతి మీదుగా డబ్బు ఇవ్వకూడదు. విలువ తక్కువ వచ్చినప్పుడు అడగడానికి చట్టమే ఒక పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి తెలియక చేసే ఫోన్ కాల్ వల్లే చాలా ఫైళ్లు చిక్కుల్లో పడతాయి.

ఫ్రిస్కోలోనో షార్లెట్‌లోనో ఇల్లు కొంటున్న తెలుగు కుటుంబం చాలాసార్లు తెలిసిన లోన్ బ్రోకర్ దగ్గరికే వెళ్తుంది. కాగితాల్లో ఏముందో తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు, రాత్రి పదింటికి ఫోన్ చేసినా ఎత్తుతారు. ఆ చనువుతోనే ఒక మాట కూడా వస్తుంది: “అప్రైజల్‌కు మీకు తెలిసినవాళ్లనే పంపించండి.” అడిగినవారికి అందులో తప్పేమీ కనిపించదు. బ్రోకర్ మాత్రం కుదరదనే చెప్పాలి. ఎందుకు కుదరదో తెలియాలంటే ముందు ఒక లెక్క వేసుకోవాలి.

ఎవరికి ఎంత పోతుంది

ఇంటి ధర 4,50,000 డాలర్లకు కుదిరింది. కొనేవారు 5 శాతం, అంటే 22,500 డాలర్లు డౌన్ పేమెంట్ పెట్టి 4,27,500 లోన్ తీసుకుందామనుకున్నారు. అప్రైజల్ 4,35,000 వచ్చింది. కుదిరిన ధర, కట్టిన విలువ, ఈ రెండింటిలో తక్కువదాన్నే లెండర్ లెక్కలోకి తీసుకుంటాడు. 4,35,000లో 95 శాతం 4,13,250. అమ్మేవారు ధర తగ్గించకపోతే కొనేవారి జేబులోంచి 36,750 రావాలి. అనుకున్నదానికంటే 14,250 ఎక్కువ.

ఇప్పుడు బ్రోకర్ వైపు చూద్దాం. లోన్ మొత్తం మీద 2 శాతం వస్తుందనుకుంటే ముందు అనుకున్నది 8,550, లోన్ తగ్గాక 8,265. తేడా 285 డాలర్లు. దీని కోసం ఎవరూ తప్పు చేయరు. కానీ కొనేవారు అంత డబ్బు తేలేక అగ్రిమెంట్ రద్దు చేసుకుంటే బ్రోకర్‌కు వచ్చేది సున్నా. ఏజెంట్లకూ, లెండర్ దగ్గర కమిషన్ మీద పనిచేసే లోన్ ఆఫీసర్‌కూ అంతే. అంటే ఒత్తిడి పుట్టేది లోన్ పెంచుకోవాలన్న ఆశలోంచి కాదు, డీల్ చెడిపోతుందన్న భయంలోంచి. ఎంత నిజాయితీపరుడికైనా ఆ భయం ఉంటుంది. అందుకే నిబంధనలు బ్రోకర్ మంచివాడా కాదా అని చూడవు. లోన్ క్లోజ్ అయితేనే, అంటే సంతకాలై పూర్తయితేనే డబ్బు వచ్చేవాళ్లందరినీ అప్రైజర్ ఎంపిక నుంచి పక్కన పెడతాయి. విలువ ఎంత వచ్చినా ఫీజు మారనిది ఒక్క అప్రైజర్‌కే.

2009కి ముందు ఏం జరిగేది

అప్పట్లో బ్రోకర్ తనకు అలవాటైన నలుగురైదుగురు అప్రైజర్లకు ఫోన్ చేసి, “ఈ అడ్రస్‌కు 3,20,000 వస్తుందా?” అని అడిగేవాడు. వస్తుందన్నవాడికే ఆర్డర్. ఈ పనికి ‘కాంప్ చెక్’ అని పేరు. ఆర్డర్ ఫారంలోనే ‘అంచనా విలువ’ అని ఒక గడి ఉండేది. తక్కువ కట్టిన అప్రైజర్‌ను ఎవరూ తిట్టేవారు కాదు. మరుసటి నెల నుంచి ఫోన్ రాదంతే.

దీని మీద అప్రైజర్లే గోల పెట్టారు. 2000 నుంచి 2007 దాకా తిప్పిన ఒక విజ్ఞాపన పత్రం మీద దాదాపు 11,000 మంది సంతకాలు చేశారు. ఆర్థిక సంక్షోభంపై అమెరికా ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2011 నివేదికలో ఒక సర్వేను ఉటంకించింది: విలువ పెంచమని ఒత్తిడి వచ్చిందని చెప్పిన అప్రైజర్లు 2003లో 55 శాతం, 2006 నాటికి 90 శాతం.

2007 నవంబర్‌లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ కువోమో ఫస్ట్ అమెరికన్ సంస్థ మీద, దాని అనుబంధ సంస్థ ఈఅప్రైజ్‌ఐటీ మీద కేసు వేశారు. వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు ఒత్తిడికి తలొగ్గి విలువలు పెంచారన్నది ఆరోపణ. ఆ విచారణ లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్‌ల దాకా వెళ్లి చివరికి ఒప్పందంగా తేలింది. దాని పేరు హోమ్ వాల్యుయేషన్ కోడ్ ఆఫ్ కాండక్ట్. 2009 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్రోకర్ చేతిలోంచి అప్రైజర్ ఎంపిక జారిపోయింది ఆ రోజే. 2010 జులైలో ఆర్థిక రంగ సంస్కరణల డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఫ్యానీ, ఫ్రెడ్డీ ఆ కోడ్ స్థానంలో ‘అప్రైజర్ ఇండిపెండెన్స్ రిక్వైర్‌మెంట్స్’ తెచ్చాయి. డాడ్-ఫ్రాంక్ చట్టానికి అనుగుణంగా రెగ్యులేషన్ జెడ్‌లో, అంటే లోన్ల మీద ఉన్న కేంద్ర నియమావళిలో, చేరిన నిబంధనలు 2011 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయ్యాయి.

మన దగ్గర హోమ్ లోన్‌కు బ్యాంకు తన ప్యానెల్‌లోని వాల్యుయర్‌ను పంపుతుంది. లోన్ తెచ్చిన డీఎస్‌ఏ ఏజెంటు పంపడు. అమెరికా ఇన్నేళ్ల తర్వాత చేరుకున్నది దాదాపు ఆ ఏర్పాటుకే.

అయితే ఈ మార్పుకు ఖర్చు లేకపోలేదు. బ్రోకర్‌కూ అప్రైజర్‌కూ మధ్య నిలబడేందుకు లెండర్లు అప్రైజల్ మేనేజ్‌మెంట్ కంపెనీలను, అంటే ఏఎంసీలను వాడుకోవడం పెంచారు. కొనేవారు కట్టే ఫీజులోంచే ఏఎంసీ తన వాటా తీసుకునేది. తక్కువ డబ్బుకు త్వరగా చేసేవారికే పని దక్కుతోందని, ఊరితో పరిచయం లేనివాళ్లు వచ్చి విలువ కడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. అందుకే డాడ్-ఫ్రాంక్ చట్టంలో అప్రైజర్‌కు ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న న్యాయమైన ఫీజు ఇవ్వాలన్న నిబంధన కూడా చేరింది. వాటా గురించిన వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు.

ఏ లోన్‌కు ఏ నిబంధన

ఫ్యానీ, ఫ్రెడ్డీలకు అమ్మే కన్వెన్షనల్ (ప్రభుత్వ హామీ లేని) లోన్లలో అప్రైజర్‌ను ఎంచుకోవడం, నియమించడం, డబ్బు చెల్లించడం లెండర్ పని. లేదా లెండర్ ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన ఏఎంసీ లాంటి సంస్థ పని. బ్రోకర్ గానీ రియల్ ఎస్టేట్ ఏజెంట్ గానీ ఎంచుకున్న అప్రైజర్ రిపోర్టును లెండర్ అసలు తీసుకోకూడదు. ఇంటి లోన్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ 2009లోనే ఇదే బాట పట్టింది. అదనంగా, అప్రైజర్ ఎఫ్‌హెచ్‌ఏ రోస్టర్‌లో (ఆమోదిత జాబితాలో) ఉండాలి, ఆర్డర్‌కు ఎఫ్‌హెచ్‌ఏ కేస్ నంబర్ కావాలి.

మాజీ సైనికుల వీఏ లోన్ ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ లెండర్ కూడా ఎంచుకోడు. వీఏ సిస్టమ్‌లో ఆర్డర్ పడగానే ప్యానెల్‌లోని అప్రైజర్లలో వంతు ప్రకారం ఒకరికి వెళ్తుంది. ఎంపిక ఎవరి చేతిలో ఉండాలన్న గొడవే లేదు. ఇంత సూటి ఏర్పాటును మిగతా లోన్లకు ఎందుకు పెట్టలేదన్నది అడగాల్సిన ప్రశ్నే.

వీటన్నిటి వెనకా రెగ్యులేషన్ జెడ్ ఉంటుంది. కొనేవారు తాము నివసించడానికి కొనే ఇంటి మీద లోన్ అయితే చాలు, అప్రైజర్‌ను బెదిరించడం, ఆశపెట్టడం, ఇంత రావాలని చెప్పడం, విలువ తక్కువైందని ఫీజు ఆపడం నిషిద్ధం. ఇది లెండర్‌తో పాటు బ్రోకర్‌కూ వర్తిస్తుంది.

ఆర్డర్ పెట్టే క్రమం

మొదటి మెట్టులోనే చాలామంది తొందరపడతారు. కొనేవారికి ఫీజులు, ఖర్చుల అంచనా రాసిన లోన్ ఎస్టిమేట్ అందాలి, “ముందుకు వెళ్దాం” అని వారు చెప్పాలి. అప్పటిదాకా క్రెడిట్ రిపోర్ట్ ఖర్చు తప్ప మరే ఫీజూ తీసుకోకూడదు. “కార్డ్ నంబర్ ఇచ్చి ఉంచండి, తర్వాత చార్జ్ చేస్తాం” అన్నా నిబంధన దృష్టిలో ఫీజు తీసుకున్నట్టే. ఈ సమ్మతి ఏ తేదీన, ఎలా వచ్చిందో ఫైల్‌లో ఉండాలి.

ఆ తర్వాత బ్రోకర్ లెండర్ పోర్టల్‌లోకి వెళ్లి ఆర్డర్ పెడతాడు. కొందరు లెండర్లు తాము ఆమోదించిన ఏఎంసీల జాబితా చూపిస్తారు, కొందరు అదీ చూపించరు. ఏదైనా అప్రైజర్ పేరు మాత్రం బ్రోకర్ ఎంచుకునే గడిలో ఉండదు. ఆర్డర్‌లో అడ్రస్, ఇల్లు ఏ రకం, కొనుగోలా రీఫైనాన్సా (పాత లోన్ స్థానంలో కొత్తదా), తలుపు తీసేవారి ఫోన్ నంబర్, కావలసిన తేదీ ఇవ్వాలి. కొనుగోలు అయితే సంతకాలైన అగ్రిమెంట్ అన్ని అనుబంధాలతో సహా జత చేయాలి. ఇక్కడ ఒక వింత ఉంది. ధర చెప్పకూడదంటూనే ధర రాసిన అగ్రిమెంట్ ఇమ్మంటారు. అప్రైజర్ల వృత్తి ప్రమాణాలైన యూస్‌పాప్ ప్రకారం అగ్రిమెంట్‌ను పరిశీలించడం అప్రైజర్ బాధ్యత కాబట్టి దానికి మినహాయింపు ఇచ్చారు. అమ్మేవారు క్లోజింగ్ ఖర్చులకు 10,000 ఇస్తామన్న అనుబంధం దాస్తే తర్వాత రిపోర్టు మళ్లీ సవరించాల్సి వస్తుంది, వారం పోతుంది.

డబ్బు కొనేవారి కార్డు నుంచి ఏఎంసీ పంపే లింక్ ద్వారా వెళ్తుంది. బ్రోకర్ తన కార్డుతో కట్టేసి తర్వాత వసూలు చేసుకుందామనుకుంటే, అప్రైజర్‌కు డబ్బు ఇచ్చింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. ఆ సాయం చేయకపోవడమే మంచిది.

ఫీజు దగ్గర ఇంకో చిక్కు. కొనేవారు తామే వెతుక్కునే వీలు లేని సేవ కాబట్టి లోన్ ఎస్టిమేట్‌లో రాసిన అప్రైజల్ ఫీజు తర్వాత పెరగకూడదు. 600 అని రాశాక ఐదెకరాల స్థలం, బావి, సెప్టిక్ ట్యాంక్ చూసి ఏఎంసీ 850 అడిగిందనుకుందాం. ఆ సంగతి కొత్తగా బయటపడితే మూడు పనిదినాల్లో సవరించిన ఎస్టిమేట్ ఇచ్చి తేడా తీసుకోవచ్చు. దరఖాస్తులోనే ఐదెకరాలని ఉంటే ఆ 250 లెండర్ మీద పడుతుంది. లెండర్ దాన్ని తెచ్చి బ్రోకర్ మీద వేస్తాడు.

మిగతావి చిన్న పొరపాట్లే గానీ రోజులు తింటాయి. కాండోకు (ఫ్లాట్‌కు) 1073 ఫారం కావాల్సి ఉండగా విడి ఇంటికి వాడే 1004 ఆర్డర్ పెట్టడం ఒకటి. ఎఫ్‌హెచ్‌ఏ ఇంట్లో కరెంటు, నీళ్లు ఆపేసి ఉండటం ఇంకొకటి. కడుతున్న ఇల్లు పూర్తి కాకముందే పిలిస్తే మళ్లీ వచ్చి పూర్తయిందని 1004డి మీద రాసేందుకు వేరే ఫీజు. తలుపు తీసేవారు లేక వెనక్కి వెళ్తే రానుపోను ఖర్చు.

నోట్‌లో రాసే రెండు రకాల మాటలు

అప్రైజర్ స్వతంత్రత దెబ్బతినేది ఎక్కువగా పోర్టల్ అడుగున ఉండే ‘ప్రత్యేక సూచనలు’ గడిలో. ఒక రీఫైనాన్స్ ఆర్డర్‌లో ఇలా రాశారనుకుందాం: “ఓనర్ అంచనా 6,20,000. కనీసం 6 లక్షలు రాకపోతే లోన్ కుదరదు, గమనించగలరు.” చివరి ‘గమనించగలరు’ ఎంత మర్యాదగా ఉన్నా, ఇది కోరిన విలువ చెప్పడమే. రీఫైనాన్స్‌లో అగ్రిమెంట్ మినహాయింపు కూడా లేదు. కావలసిన లోన్ మొత్తం రాసినా తప్పే, ఎందుకంటే దాన్నుంచి విలువను వెనక్కి లెక్క కట్టవచ్చు.

అదే ఆర్డర్‌లో ఇలా రాయవచ్చు: “2022లో వంటగది, పైకప్పు మార్చారు, ఖర్చుల జాబితా జత. వెనక కట్టిన గదికి పర్మిట్ ఉంది, కాపీ జత. గేట్ కోడ్ ఓనర్ ఇస్తారు.” ఇందులో అంకె లేదు, వాస్తవాలే ఉన్నాయి. పర్మిట్ కాపీ లేకపోతే ఆ గదిని ఇంటి వైశాల్యంలో కలపాలా వద్దా అని అప్రైజర్ తటపటాయిస్తాడు. కాబట్టి విలువకు నిజంగా ఉపయోగపడేది కూడా ఈ రెండో నోటే.

పనికి గడువు అడగడం, పోర్టల్‌లో ఎంతవరకు వచ్చిందని అడగడం తప్పు కాదు. ఇంటి దగ్గర ఏజెంట్ అప్రైజర్‌ను కలిసి అగ్రిమెంట్, చుట్టుపక్కల అమ్మకాల వివరాలు ఇవ్వవచ్చు. “ఎంత దాకా రావచ్చు?” అన్న ప్రశ్నతోనే హద్దు దాటినట్టు.

విలువ తక్కువ వస్తే

రిపోర్టు కాపీ పూర్తయిన వెంటనే, లేదా క్లోజింగ్‌కు కనీసం మూడు పనిదినాల ముందు, ఏది ముందైతే అప్పుడు కొనేవారికి అందాలి. చేతికొచ్చాక ముందు చూడాల్సింది వైశాల్యం, పడకగదులు, బాత్రూంలు, స్థలం కొలత, విలువ కట్టడానికి పోల్చిన ఇళ్ల దూరం, అవి అమ్ముడైన తేదీ.

రెగ్యులేషన్ జెడ్ మూడు పనులకు దారి ఇస్తుంది: తప్పు సవరించమనడం, ఫలానా సంగతి వివరించమనడం, ఇంకొన్ని అమ్మకాలను పరిశీలించమనడం. దీన్నే రీకన్సిడరేషన్ ఆఫ్ వాల్యూ అంటారు. ఫ్యానీ, ఫ్రెడ్డీలు 2024లో దీన్ని కొనేవారి హక్కుగా స్పష్టం చేశాయి. ఒక అప్రైజల్‌కు ఒక్కసారే అడగాలి. ఐదుకు మించకుండా పోలిక ఇళ్లు ఇవ్వాలి. క్లోజింగ్ తర్వాత కుదరదు. ఎఫ్‌హెచ్‌ఏ కూడా ఇలాంటి ఉత్తర్వే ఇచ్చి 2025 మార్చిలో వెనక్కి తీసుకుంది.

అభ్యర్థన లెండర్ ద్వారా వెళ్లాలి. బ్రోకర్ చేయగలిగిన అసలు పని ఆ ఐదు ఇళ్లు బాగా ఏరడం. ఒక తెలుగు ఉదాహరణే చూద్దాం. తూర్పు ముఖం ఇల్లని కొనేవారు 15,000 ఎక్కువ పెట్టారు, అప్రైజర్ ఆ మొత్తాన్ని లెక్కలోకి తీసుకోలేదు. “వాస్తు ఉన్న ఇల్లు, 15,000 కలపండి” అని రాస్తే లాభం లేదు, పైగా అది అంకె చెప్పడం. అదే కాలనీలో, అదే బిల్డర్ కట్టిన అదే ప్లాన్‌లో, ఆరు నెలల లోపు అమ్ముడైన తూర్పు ముఖం ఇళ్లు రెండు, పడమర ముఖం ఇళ్లు రెండు పక్కపక్కన పెట్టి తేడా కనిపించేలా ఇస్తే అప్రైజర్ పరిశీలించడానికి ఆధారం దొరుకుతుంది. మార్కెట్ నిజంగా దిక్కుకు డబ్బు ఇస్తోందా లేదా అన్నది ఆ నాలుగు అమ్మకాలే చెప్పాలి. తేడా లేదని తేలితే ఆ 15,000 కొనేవారి ఇష్టానికి పెట్టిన ఖర్చుగానే మిగులుతుంది.

ఇంకో మాట కొందరు తెలియక రాస్తారు: “ఈ కాలనీలో అంతా మన ఇండియన్స్, డిమాండ్ ఎక్కువ.” నివాసితుల జాతీయ మూలాన్ని విలువకు ముడిపెట్టడం ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద నిషిద్ధం. పొగడ్తగా రాసినా నిషిద్ధమే. ఆ వాక్యం ఉన్న అభ్యర్థనను లెండర్ ముందే తిప్పి పంపాలి.

వీఏ లోన్‌లో ఇదంతా రిపోర్టు రాయకముందే జరుగుతుంది. విలువ అగ్రిమెంట్ ధరకు చేరదనిపిస్తే అప్రైజర్ ‘టైడ్‌వాటర్’ అనే పద్ధతి అమలు చేస్తున్నానని ఆర్డర్‌లో ఉన్న కాంటాక్ట్‌కు చెప్తాడు. ఎంత తగ్గుతుందో చెప్పడు. అమ్మకాల ఆధారాలు పంపడానికి రెండు పనిదినాలు. ఆ రెండు రోజుల్లో ఫోన్ ఎత్తని కాంటాక్ట్ వల్ల పోయే అవకాశం మళ్లీ అంత తేలిగ్గా రాదు.

విలువ నచ్చలేదని రెండో అప్రైజల్ ఆర్డర్ పెట్టి ఎక్కువ వచ్చినదాన్ని వాడుకోవడం కుదరదు. మొదటిది లోపభూయిష్టమని నమ్మడానికి కారణం ఉండాలి, ఆ కారణం ఫైల్‌లో రాసి ఉండాలి.

లెండర్ మారితే ఆ రిపోర్టు ఏమవుతుంది

వడ్డీ తక్కువని బ్రోకర్ లోన్‌ను ఇంకో లెండర్ దగ్గరికి మార్చడం మామూలే. “డబ్బు కట్టింది మేము, రిపోర్టు మాదే కదా” అని కొనేవారు అంటారు. కాపీ వారిదే. కానీ రిపోర్టులో క్లయింట్‌గా ఉన్నది మొదటి లెండర్. అప్రైజర్‌కు ఫోన్ చేసి పైన పేరు మార్చి ఇమ్మని అడగకూడదు. యూస్‌పాప్ దాన్ని ఒప్పుకోదు. కొత్త క్లయింట్ అంటే కొత్త పని. సరైన దారి మొదటి లెండర్ నుంచి బదిలీ. రిపోర్టు ఫైల్‌తో పాటు స్వతంత్రత నిబంధనలు పాటించామన్న పత్రం ఇవ్వాలి, రెండో లెండర్ దాన్ని ఒప్పుకోవాలి. కన్వెన్షనల్‌లో ఇది ఇద్దరు లెండర్ల ఇష్టం మీద ఆధారపడుతుంది. ఎఫ్‌హెచ్‌ఏలో అప్రైజల్ కేస్ నంబర్‌కు అంటుకుని ఉంటుంది కాబట్టి, కొనేవారు లెండర్ మారితే పాత లెండర్ బదిలీ చేయాల్సిందే. కన్వెన్షనల్ నుంచి ఎఫ్‌హెచ్‌ఏకు మారితే మాత్రం మామూలుగా కొత్త అప్రైజల్ తప్పదు.

తప్పితే ఏమవుతుంది

చట్టంలో జరిమానా మొదటి ఉల్లంఘనకు రోజుకు 10,000 డాలర్ల దాకా, తర్వాతి వాటికి 20,000 దాకా ఉంది. ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈ అంకెలు పెరుగుతుంటాయి. ఒత్తిడి జరిగిందని క్లోజింగ్‌కు ముందే తెలిస్తే, విలువలో గణనీయమైన తప్పు లేదని శ్రద్ధగా తేల్చుకునేదాకా లెండర్ లోన్ ఇవ్వకూడదు. రోజువారీ వ్యాపారంలో బ్రోకర్లను నిజంగా భయపెట్టేది వేరే ఉంది. నిబంధన తప్పిన లోన్‌ను వెనక్కి కొనమని ఫ్యానీ, ఫ్రెడ్డీ అడగగలవు. లెండర్ ఆ నష్టాన్ని బ్రోకర్‌తో రాసుకున్న ఒప్పందం మీద బ్రోకర్‌కే వేయగలడు. ఒక్క ఇంటి మీద వచ్చిన కమిషన్ ఆ నష్టం ముందు ఏ మూలకూ రాదు.

అప్రైజరే లేని చోట

ఈ మధ్య చాలా లోన్లకు ఫ్యానీ, ఫ్రెడ్డీల సాఫ్ట్‌వేర్ అప్రైజల్ అక్కర్లేదని చెప్పేస్తోంది. కొనుగోళ్లలో ఈ వెసులుబాటు పరిమితిని ఇంటి విలువలో 80 శాతం నుంచి 90 శాతం లోన్ దాకా పెంచుతామని 2024 అక్టోబర్‌లో ప్రకటించారు. ఇక్కడ కథ తిరగబడుతుంది. అప్రైజర్‌కు చెప్పకూడని అంకెనే రీఫైనాన్స్‌లో బ్రోకర్ తన చేత్తో సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేస్తాడు, అది సరేనంటే అదే విలువ అయిపోతుంది. 6,20,000 వేస్తే ఒప్పుకోలేదు, 6,05,000 వేస్తే ఒప్పుకుంది అన్న పరిస్థితిలో పాత కాంప్ చెక్ ఫోన్ కాల్ లేకుండానే తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది. తేడా ఏమిటంటే అప్పటి ఫోన్ కాల్‌కు ఆధారం ఉండేది కాదు. ఇప్పుడు ఫైల్ ఎన్నోసారి సబ్మిట్ అయిందో ఫ్యానీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఫైండింగ్స్ రిపోర్టు మీదే అచ్చయి ఉంటుంది.